పిల్ల చెయ్యి విరిగితే తప్పు ఎవరిది?

(ఇందల్వాయిలో బీడీ కార్మిక స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న అంశం ‘పిల్లల ఆటలు, ప్రమాదాలు - తల్లుల బాధ్యత’. ఇందులో మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. పిల్లలు ఆడతారు, ఆడేటప్పుడు పడతారు. మూడో మాట దగ్గరే మనం కాసేపు ఆగాలి. బాధ్యత అనే మాట పక్కన తల్లి ఒక్కతే ఎందుకు నిలబడింది? తండ్రి ఏడీ? బడి, ఊరు, బీడీ కంపెనీ, సర్కారు ఏవీ? ఈ ప్రశ్న వేసుకోకుండా పిల్లల ప్రమాదాల గురించి మాట్లాడితే, చివరికి తల్లులకు నాలుగు నీతులు చెప్పి ఇంటికి పంపించడమే అవుతుంది.

ఒక సంగతి ఊహించుకుందాం. దసరా సెలవులు. ఎనిమిదేళ్ల పిల్ల తోటి పిల్లలతో కోతికొమ్మచ్చి ఆడుతూ జామచెట్టు మీది నుంచి జారిపడింది. పడేటప్పుడు ఎవరైనా చెయ్యి నేలకు ఆనిస్తారు. బరువంతా ఆ చేతి మీద పడింది. మోచెయ్యి వాచింది. పిల్లను ఎత్తుకుని ఇంటికి తెచ్చారు. ఇంటి ముందు పదిమంది పోగయ్యారు. వచ్చిన మొట్టమొదటి ప్రశ్న ఏమిటి? “ఇంట్లనే ఉన్నవు గదా, పిల్లను చూస్కోకుండ ఏం చేస్తున్నవ్?” ఈ ప్రశ్న తల్లికే. అదే సమయంలో తండ్రి చాయ్ హోటల్ దగ్గర కూర్చుని ఉన్నా సరే, “నువ్వేం చేస్తున్నవ్?” అని ఆయన్ను అడిగేవాళ్లు ఉండరు.

ఆమె ఏం చేస్తోంది? అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది, తంబాకు పోసి చుడుతోంది, దారం కడుతోంది. మధ్యలో లేచి పొయ్యి మీది అన్నం చూస్తోంది. సాయంత్రానికి కార్ఖానాకు లెక్క అప్పజెప్పాలి. అక్కడ పనికిరావని తీసేసే బీడీలు పోను మిగిలినవాటికే కూలి. ఇంత పని చేస్తున్న మనిషిని ఊరంతా ‘ఇంట్లో ఉంది’ అంటుంది. ఇంట్లో ఉన్నదంటే ఖాళీగా ఉన్నదని అర్థం. చేసే చోటు ఇల్లు కాబట్టి అది పని కాకుండా పోయింది. చేసే మనిషి ఆడది కాబట్టి పిల్లను చూడడం కూడా ఆమె పనే అయింది. రెండు పనులు ఒకే శరీరంతో, ఒకే గంటలో చేయమంటున్నాం. ఒకటి తప్పితే నేరం అంటున్నాం.

దీనికి లెక్కలున్నాయి. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా ప్రజలు తమ సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. కూలి లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తే, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో మళ్లీ సర్వే చేస్తే ఆడవాళ్లవి 289 నిమిషాలు, మగవాళ్లవి 88. ఐదేళ్లలో ఇద్దరికీ కొంచెం తగ్గింది కానీ తేడా దాదాపు అలాగే ఉంది. పిల్లలను, ముసలివాళ్లను చూసుకోవడం ఈ లెక్కలో కలవలేదు. దాన్ని వేరే లెక్క కట్టారు. అక్కడా ఇదే వరస.

ఇక చట్టం సంగతి. బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. ఆడవాళ్లు ఎక్కువమంది పనిచేసే కార్ఖానాలో ఆరేళ్ల లోపు పిల్లల కోసం ఒక గది, చూసుకునే మనిషి ఉండాలని అందులో రాశారు. మంచి మాటే. కానీ ఆ మాట కార్ఖానా గోడల లోపలికే వర్తించింది. కంపెనీలు చేసిందేమిటి? ఆకునూ తంబాకునూ ఇళ్లకు పంపాయి. కార్ఖానా ఇంట్లోకి వచ్చింది. పిల్లల గది మాత్రం కార్ఖానాతో పాటు రాలేదు. కరెంటు ఖర్చు, చోటు ఖర్చు, తంబాకు దుమ్ము, పిల్లల కాపలా అన్నీ కార్మికురాలి మీద పడ్డాయి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టం వాటిలో కలిసిపోయింది. వాటిలోనూ పిల్లల గది 50 మంది, ఆ పైన పనిచేసే సంస్థలకే. అరుగు మీద ఒక్కతే కూర్చుని చుట్టే మనిషికి ఈ లెక్క ఎప్పుడు వర్తిస్తుంది? బీడీ కార్మికుల సంక్షేమానికని కంపెనీల నుంచి వసూలు చేసే సెస్సు కూడా 2017లో జి.ఎస్.టి. రాకతో రద్దయింది.

అందుకే జామచెట్టు మీది నుంచి పిల్ల పడడం ప్రమాదమే గానీ, ఆ సమయానికి ఆ పిల్లను చూసే మరో పెద్దమనిషి లేకపోవడం ప్రమాదం కాదు. అది ఒక ఏర్పాటు. ఆ ఏర్పాటు వల్ల ఎవరికి లాభమో చూస్తే తప్పు ఎవరిదో కొంత తెలుస్తుంది.

ఇప్పుడు మళ్లీ ఆ పిల్ల దగ్గరకు వద్దాం. రాజకీయాలు మాట్లాడుతూ విరిగిన చేతిని మరిచిపోలేం. మొదటి కొన్ని గంటల్లో ఏం చేస్తామనే దాని మీద ఆ చెయ్యి జీవితకాలం ఆధారపడి ఉంటుంది.

పిల్లల ఎముక పెద్దవాళ్ల ఎముక లాంటిది కాదు. పచ్చి కొమ్మను వంచితే ఎండుకట్టెలాగా ఫట్టున విరగదు, ఒక పక్క చీలి వంగుతుంది. పిల్లల ఎముకలు చాలాసార్లు అలాగే విరుగుతాయి. త్వరగా అతుక్కుంటాయి కూడా. పెద్దవాళ్లకు నెలలు పట్టేది వాళ్లకు వారాల్లో అవుతుంది. కానీ ఎముక కొసల దగ్గర పెరుగుదల జరిగే మెత్తటి భాగం ఉంటుంది. దెబ్బ అక్కడ తగిలి, దాన్ని గుర్తించకపోతే ఎముక వంకరగా పెరగవచ్చు, పొట్టిగా ఉండిపోవచ్చు. మోచేతికి కాస్త పైన విరిగితే మరో ప్రమాదం ఉంది. చేతికి రక్తం తీసుకుపోయే పెద్ద రక్తనాళం సరిగ్గా ఆ ఎముక ముందునుంచే పోతుంది. అది నలిగినా, వాపు మీద కట్టు బిగిసినా, ముంజేతి కండలకు రక్తం అందదు. రక్తం అందని కండ ఆరు గంటలకు అటూ ఇటూగా చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండ మళ్లీ బతకదు. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, చెయ్యి పక్షి గోరులాగా మిగులుతుంది. దీన్ని 1881లో వివరించినవాడు జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోన్ వోల్క్‌మన్. దీనికి కారణం బిగుతు కట్లేనని అప్పుడే రాశాడు. ఆయన చూసినవి నాటు వైద్యుల కట్లు కావు, డాక్టర్ల కట్లే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

పిల్ల పడగానే ఏం చేయాలి? చేతికున్న గాజులు, కడియం, దిష్టితాడు, ఉంగరం వెంటనే తీసేయండి. ఇంకో గంటకు వాపు వస్తే అవి రావు, లోపలికి కోస్తాయి. చెయ్యి ఏ తీరున ఉందో ఆ తీరునే ఉంచి, కింద అట్టముక్కో చెక్కముక్కో ఆనించి, ఓణీతోనో తువ్వాలతోనో మెడకు వేలాడదీయండి. గుంజకండి. సరిచేయబోకండి. నూనె పెట్టి మర్దన చేయకండి. మోచేతి దెబ్బకు మర్దన చేస్తే కండలోనే ఎముక పుట్టి, మోచెయ్యి ముడవరాకుండా బిగుసుకుపోయే ప్రమాదముంది. నీళ్లు, చాయ్, అన్నం ఇవ్వకండి. మత్తు ఇచ్చి సరిచేయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. చర్మం చీలి ఎముక కనిపిస్తే పసుపు, కాఫీపొడి అద్దకుండా శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి.

కట్టు కట్టినాక, అది పిండికట్టు అయినా గుడ్డకట్టు అయినా, ఆ రాత్రి తల్లి చూడాల్సింది పిల్ల వేళ్లను. గోరు నొక్కి వదిలితే తెల్లబడ్డది రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు వెచ్చగా ఉండాలి. పిల్ల వాటిని కదిలించగలగాలి. కట్టు పడ్డాక నొప్పి తగ్గుతూ రావాలి. పెరుగుతోందంటే, వేళ్లను మెల్లగా చాపితే పిల్ల కేక పెడుతోందంటే, తిమ్మిరి అంటోందంటే తెల్లారేదాకా ఆగకండి. గుడ్డకట్టు అయితే పొరలన్నీ కత్తిరించేసి బయల్దేరండి. పిండికట్టు అయితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకుపోయి కోయించండి. “ఓర్చుకో బిడ్డా, బొక్క అతుకుతుంటే నొప్పి ఉంటది” అని ఎవరు చెప్పినా వినకండి.

ఇక్కడ ఒక పెద్ద వివాదం ఉంది. చదువుకున్నవాళ్లు పల్లె ఆడవాళ్లను తిట్టే విషయాల్లో ఇదొకటి. “ఆస్పత్రి ఉండగా నాటు కట్టుకు ఎందుకు పోతారు? మూఢనమ్మకం!” అంటారు. పుత్తూరు కట్టు పేరు రాష్ట్రాలు దాటి పాకింది. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు కోసం దూరాల నుంచి రైళ్లెక్కి పోతారు. మన దగ్గరా చాలా ఊళ్లలో బొక్కలు కట్టేవాళ్లున్నారు. అక్కడికి పోయే తల్లి బుర్రలో ఏముందో ఎవరైనా అడిగారా?

ఆమె లెక్క వేస్తుంది. కట్టేటాయన పక్క ఊళ్లోనే ఉంటాడు. ఇప్పుడే కడతాడు. గంటలో ఇంటికి రావచ్చు. సాయంత్రం కూర్చుని మిగిలిన బీడీలు చుట్టవచ్చు. ఆస్పత్రి అంటే ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న నిజామాబాద్. ఆటో, చీటీ వరస, ఎక్స్‌రే వరస, డాక్టరు వరస. “రేపు రా” అంటే రేపటి కూలి కూడా పోయింది. వారానికోసారి చూపించాలంటే ఇంకో నాలుగు రోజులు. సర్కారు ఆస్పత్రిలో వైద్యం ఉచితమే, కానీ ఆమె పోగొట్టుకునే రోజుకు ఎవరూ డబ్బు కట్టివ్వరు. తోడు వచ్చే మగమనిషి ఉండాలి. ఇంట్లో చంటిబిడ్డను ఎవరైనా చూడాలి. ఇది మూఢనమ్మకం కాదు, లెక్క. ఆ లెక్కలో తప్పు ఒక్కటే. పిల్ల చెయ్యి పోతే పడే ఖర్చు అందులో లేదు. ఆ ఖర్చు గురించి ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

నాటు కట్టు వల్ల చాలామంది పిల్లలకు నయమవుతుంది కదా అంటారు. అవుతుంది. స్థానం తప్పని చిన్న విరుగుడు, కదలకుండా ఉంచితే ఎవరు కట్టినా అతుకుతుంది. పిల్లల ఎముక గుణం అది. ఆ పేరు కట్టేవాడికి వస్తుంది. కానీ పైకి ఒకేలా వాచి కనిపించే రెండు మోచేతుల్లో ఏది మామూలుదో, ఏది నాళం నలిగినదో ఎక్స్‌రే లేకుండా, నాడి చూడకుండా తేల్చలేం. ఆరోగ్య కార్యకర్తలు కట్టేవాళ్లను దొంగల్లా చూడడం మాని, వాళ్లతో కూర్చుని రెండు మాటలు ఒప్పించగలిగితే చాలు: మోచేతి దెబ్బనూ చర్మం చీలిన దెబ్బనూ ముట్టుకోవద్దు, ఏ కట్టునూ బిగించవద్దు. డాక్టర్లకూ ఒక మాట. పిండికట్టు వేసి పంపేటప్పుడు, వేళ్లు ఎలా చూడాలో తల్లికి ఆమె భాషలో, తెలుగైనా ఉర్దూ అయినా లంబాడీ అయినా, చెప్పి పంపండి. వోల్క్‌మన్ రాసింది డాక్టర్ల కట్ల గురించే అని ఇందాక అనుకున్నాం.

సరే, ఈ తల్లి లెక్క పక్కన పెట్టి ఆస్పత్రికే పోయిందనుకుందాం. ఎముక స్థానం తప్పింది, మత్తు ఇచ్చి సరిచేసి తీగలు పెట్టాలన్నారు. కాగితం ముందు పెట్టి “తండ్రి సంతకం ఏదీ?” అన్నారు. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నాడు. మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారో నేను మీకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ పొద్దున పదైతే అక్కడ ఎనిమిదిన్నర, ఆయన పనిలో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. గంటలు గడుస్తాయి. ఆరు గంటల లెక్క ఇందాక చెప్పుకున్నాం.

ఈ మాట బాగా వినండి. పిల్ల వైద్యానికి తండ్రి సంతకమే కావాలని చట్టంలో లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోసం చేసే పనికి సంరక్షకుడు గానీ, ఆ పిల్ల చట్టబద్ధంగా ఎవరి అధీనంలో ఉంటే వాళ్లు గానీ సమ్మతి ఇస్తే చాలునని 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 89వ సెక్షనులోనే ఉంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అదే మాట 27వ సెక్షనులో ఉంది. తల్లి సంతకం చాలు. తల్లి లేక పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటే అమ్మమ్మ సంతకం చాలు. ఎవరూ అందుబాటులో లేని అత్యవసరంలో సమ్మతి లేకపోయినా డాక్టరు వైద్యం చేయవచ్చని 30వ సెక్షను చెబుతోంది. అత్యవసర వైద్యం చేయడం సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా విధి అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

మరి తండ్రి సంతకం ఎక్కడి నుంచి వచ్చింది? చట్టం ఆస్పత్రిలో అడగనిదాన్ని ఇంకో చోట అడిగింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సహజ సంరక్షకుడు ‘తండ్రి, అతని తర్వాత తల్లి’ అని రాసింది. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే, తండ్రి సంతకం కావాలన్నారు. ఆమె కోర్టుకు వెళ్లింది. 1999 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయిన తర్వాత అని మాత్రమే కాదు, తండ్రి అందుబాటులో లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా తల్లే సహజ సంరక్షకురాలని చెప్పింది. గెలుపే. కానీ తండ్రి లేనిచోటనే తల్లికి స్థానమని కూడా అందులో ఉంది కదా? ఇద్దరూ ఉన్నప్పుడు సమానమని చట్టం ఇప్పటికీ సూటిగా అనడం లేదు. ముస్లిం వ్యక్తిగత చట్టంలోనూ సహజ సంరక్షకుడు తండ్రే. తల్లికి ఉండేది పెంచుకునే హక్కు, అదీ ఒక వయసు దాకా. మతాలు వేరైనా ఈ విషయంలో మాట ఒకటే. పడితే బాధ్యత తల్లిది, సంతకం మాత్రం తండ్రిది!

చివరిగా, మన అంశంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. ఆటల్లో ఎముకలు విరగ్గొట్టుకునేవాళ్లలో మగపిల్లలే ఎక్కువ. చాలా దేశాల లెక్కలు ఇదే చెబుతున్నాయి. ఆడపిల్లలు జాగ్రత్తగా ఉంటారని మెచ్చుకుందామా? లేక వాళ్లు ఎక్కడున్నారని అడుగుదామా? చెల్లెను చంకనేసుకుని తొక్కుడుబిళ్ల ఆడే పిల్లను మీరు చూడలేదా? బీడీకి దారం కట్టడానికి తల్లి పక్కన కూర్చున్న పిల్ల చెట్టెక్కదు, కాబట్టి పడదు. 1986 బాలకార్మిక చట్టం బీడీ తయారీలో పిల్లలను పెట్టకూడదంది. అదే చట్టం, కుటుంబంతో కలిసి ఇంట్లో చేసే పనిని మినహాయించింది. 2016 సవరణ తర్వాత కూడా ఇంటి పని పేరుతో ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు. పెద్దమనిషి అయ్యాక ఆట పూర్తిగా బంద్. చెయ్యి విరిగినా ఆడపిల్ల విషయంలో మొదట వచ్చే మాట “వంకరైతే పెండ్లి ఎట్లయితది?” అని. ఆ చేత్తో రాస్తుందా, బరువు ఎత్తుతుందా, నొప్పి ఉందా అన్నవి తర్వాతి ప్రశ్నలు.

ఎముకకు బలం గెంతితే, పరిగెత్తితే, ఎండ తగిలితే, కడుపు నిండా తింటే వస్తుంది. జీవితానికి సరిపోయే ఆ బలంలో చాలాభాగం ఇరవై ఏళ్ల లోపే కూడుతుంది. ఆ వయసంతా చాట ముందు వంగి గడిపిన పిల్లకు అరవై ఏళ్లు వచ్చాక గడపలో కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. చిన్నప్పుడు చెట్టు మీది నుంచి పడనివ్వలేదని సంతోషించిన మనం, ముసలితనంలో ఆమె మంచం మీది నుంచి లేవలేకపోవడాన్ని కర్మ అంటాం. అందుకే పిల్లలు పడకుండా ఉండడానికి వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టమని నేను చెప్పను. పడే ఎత్తు తగ్గిద్దాం, కింద నేల మెత్తగా ఉంచుదాం, పడితే పట్టుకునే వ్యవస్థను పెడదాం. ఆట పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం అంటోంది. మన దేశం 1992లో దానికి కట్టుబడింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది.

కాబట్టి ఇక్కడి నుంచి పోయేటప్పుడు మనం అడగాల్సినవి అడుగుదాం. ఇందల్వాయి 2016లో మండల కేంద్రమైంది. మండలం అంటే బోర్డు మార్చడం కాదు. ఎముక విరిగిన పిల్లకు ఎక్స్‌రే ఇక్కడే తీసే ఏర్పాటు కావాలి. సాయంత్రం దాకా పిల్లలను చూసే కేంద్రం కావాలి. 2022 నుంచి ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీలో క్రెష్ నడిపే కేంద్ర పథకం ఉంది. బీడీ చుట్టే ఊళ్లకు దాన్ని ముందుగా ఇమ్మని దరఖాస్తు పెడదాం. ఇళ్లకు ఆకు పంపి లాభం తీసుకునే కంపెనీలు పిల్లల కేంద్రాల ఖర్చులో వాటా భరించాలని సంఘాల ద్వారా పోరాడదాం. ప్రతి ఆస్పత్రి గోడ మీద ‘పిల్ల వైద్యానికి తల్లి సంతకం చెల్లుతుంది’ అని పెద్ద అక్షరాలతో రాయమందాం. రాయకపోతే మనమే రాద్దాం. బడి ఆటస్థలంలో ఆడపిల్లలకు కూడా రోజూ గంట కేటాయించమని బడి కమిటీలో కూర్చున్న తల్లులు పట్టుబట్టాలి.

ఇక పక్కింట్లో పిల్ల పడి చెయ్యి విరిగిందని తెలిస్తే మీరు వెళ్లి తల్లిని “ఏం చేస్తున్నవ్?” అని అడగకండి. “ఆస్పత్రికి నేను తోడొస్త, నీ చంటిదాన్ని మా అత్త చూస్తది, పద” అనండి. సంఘం అంటే నాకు తెలిసి అదే.